ఒక్క నిమిషం, నట్టు లూజైంది

మా బావకి ఒకే ఒక్క దురలవాటు ఉంది. పాట మధ్యలో ఆపేస్తాడు.

మందు ముట్టడు, సిగరెట్ కాల్చడు, అబద్ధమాడటమైతే అసలే చేతకాదని పేరు. కానీ వేదిక మీద పాట బాగా రాజుకుని, ముందు వరసవాళ్ళు కుర్చీల్లోంచి లేచి, వెనక వరసవాళ్ళు కుర్చీలెక్కి, మా గాయని గొంతు పై స్థాయిలో నిలబడి ఉన్న సమయంలో డ్రమ్ముల వెనకనుంచి తాపీగా ఓ మాట వినపడేది: "ఒక్క నిమిషం. నట్టు లూజైంది."

అంతే, పాట చచ్చిపోయేది. బావ జేబులోంచి పానా తీసి, సింబల్ స్టాండు పక్కన గొంతుక్కూర్చుని, కంటి ఆపరేషన్ చేస్తున్నంత శ్రద్ధగా నట్టు బిగించేవాడు. బిగించి, పళ్ళెంలాంటి ఆ ఇత్తడి సింబల్‌ని వేలితో ఓసారి మీటి విని, ఆ మోత నచ్చక, కాస్త వదులు చేసి మళ్ళీ బిగించేవాడు. ఈలోగా గిటారు మోత గాల్లో కలిసిపోయేది. కీబోర్డు మీద చేతులుంచాలో తీయాలో తెలియక నేను వాటిని ఒళ్ళో పెట్టుకుని, డాక్టరు గది బయట కూర్చున్నవాడిలా ఎదురుచూసేవాణ్ణి.

బావ నాకేమీ బావ కాడు. మా గాయనికి బావ, అంటే ఆమె అక్క మొగుడు. ఆమె పిలిచింది కదా అని గిటారు వాయించేవాడూ బావ అన్నాడు. తర్వాత నేను, తర్వాత వ్యాను డ్రైవరు, మైకులవాళ్ళు, సభాధ్యక్షులు. అనుమతి లేకుండా పాడుతున్నామని ఒకసారి మమ్మల్ని స్టేషన్‌కి పట్టుకెళ్ళిన ఇన్‌స్పెక్టరు కూడా, వివరాలు రాసుకుంటూ "వృత్తి ఏంటి బావా?" అన్నాడు. "లిఫ్టు మెకానిక్కునండి," అన్నాడు బావ. "మీ కుర్చీకి ఎడమకాలు ఊగుతోంది, చూసుకోండి." పానా జేబులోనే ఉంది. తీయలేదు. ఊగే కాలుని అలాగే ఊగనిచ్చి వచ్చేశాడు. అప్పుడు మాలో ఎవరికీ అది వింతగా తోచలేదు.

మా బ్యాండు పేరు 'పక్కింటి గోల'. అది మేం పెట్టుకున్న పేరు కాదు. వెల్డింగ్ షెడ్డులో మేం సాధన మొదలుపెట్టిన కొత్తల్లో పక్క షాపు దర్జీ మునిసిపాలిటీకి అర్జీ పెట్టుకుంటూ, ఈ పక్కింటి గోల భరించలేకున్నానని వాపోయాడు. మేం అప్పటికి చాలా పేర్లు ఆలోచించి ఉన్నాం. అన్నిటికంటే ఇదే నిజాయితీగా ఉంది.

మేం నలుగురం. షెడ్డు గిటారు వాయించేవాడిది. వెల్డరు కాబట్టి వాణ్ణి మెరుపు అనేవాళ్ళం. కోపం కూడా అలాగే వచ్చేది, వెంటనే పోయేది, చుట్టుపక్కల ఏదో ఒకటి కాల్చి పోయేది. కీబోర్డు నాది, పాటల రాతా నాదే. యూనివర్సిటీలో పరిశోధన మొదలుపెట్టి సగంలో వదిలేసినందుకు బావ నన్ను సగం డాక్టరు అనేవాడు. "నేను పాట సగంలో ఆపితే ఇంత గోల చేస్తారు. నువ్వు చదువు సగంలో ఆపితే ఎవరూ ఏమీ అనలేదేం?" అని అడిగేవాడు.

ఇక మా గాయని. పెళ్ళికాకముందు నూలు మిల్లులో పనిచేసింది. ఆమె గొంతు మిల్లు సైరన్‌లా ఊరి ఆ చివరికి వినపడుతుందని బావే సైరన్ అని పేరు పెట్టాడు. అది పొగడ్తో తిట్టో ఆమె ఏనాడూ అడగలేదు.

మా సంగీతం ఏ జాతిదో చెప్పడం కష్టం. రాక్ అనుకుని వచ్చినవాడికి ఊరేగింపు బ్యాండు వినపడేది, ఎందుకంటే బావ నేర్చుకున్నది అక్కడే. ఊరేగింపు బావుంది కదా అని భుజాలు ఎగరేయబోతే జోలపాట వచ్చేది, సైరన్‌కి మొదట వచ్చినవి అవే. జోలపాటకి కళ్ళు మూసుకుంటే మెరుపు గిటారు చిటపటలాడి నిద్ర చెడగొట్టేది. పత్రికలవాళ్ళు దీన్ని సంలీన శైలి అన్నారు. నిజానికి ఎవరికి వచ్చింది వాళ్ళు వాయించేవాళ్ళం.

మా పాటలకి సామాజిక స్పృహ ఉందని కూడా రాశారు. ఉపన్యాసాలన్నీ అయ్యాక మా వంతు వచ్చేది కాబట్టి, వేదికెక్కేసరికి మాకు మామూలు స్పృహ కూడా మిగిలేది కాదు. వ్యాన్లో నా ఒళ్ళో ఒక స్పీకరు, మెరుపు భుజం మీద నా తల, కిటికీకి ఆనుకుని సైరన్. డ్రమ్ముల మధ్య ఎలా ముడుచుకునేవాడో బావ ముడుచుకుని నిద్రపోయేవాడు. రాని కుళాయి నీళ్ళ మీద ఒక పాట కట్టాం. నీళ్ళొచ్చిన రోజున ఇక దీంతో పనుండదని మురిసిపోయాం. ఏళ్ళు గడిచాయి, మెరుపు జుట్టు నెరిసింది, జనం ఇంకా అదే పాట అడుగుతున్నారు. కుళాయి అలాగే ఉంది. పాట హిట్టయిందని అందరూ అభినందిస్తుంటే ఒంట్లో ఓపికంతా ఎవరో పిండేసినట్టుండేది.

వీటన్నిటిలోకీ పెద్ద పేరొచ్చింది దూది పాటకి. మిల్లు మీద నేను రాసిన పాట. మూడో చరణం మొత్తం ఒకే వాక్యం. రాసినరోజు చాలా గర్వపడ్డాను. షెడ్డులో కాగితం చదివి సైరన్ నా మొహం చూసింది.

"ఇందులో ఊపిరెక్కడ తీసుకోవాలి?"

"తీసుకోకూడదు. భావం తెగిపోతుంది."

"భావం తెగకపోతే నేను తెగుతాను."

"మిల్లులో ఊపిరాడదు కదా. పాటలోనూ ఆడకూడదు. రూపమే సారం."

"ఏంటి?"

"రూపమే సారం."

ఆమె వెనక్కి తిరిగింది. "బావా, సగం డాక్టరు ఏమంటున్నాడు?"

"ఏమోనమ్మా, నాకిక్కణ్ణుంచి మాటలు వినపడవు," అన్నాడు బావ సింబల్ తుడుస్తూ. "నువ్వు మొదలెట్టు. నట్టు సంగతి నేను చూసుకుంటా."

"నట్టు సంగతి ఇప్పుడెవరడిగారు?" అన్నాడు మెరుపు.

ఎవరూ అడగలేదు. కానీ దూది పాట ఎక్కడ పాడినా మూడో చరణంలో నట్టు లూజయ్యేది. మిగతా పాటల్లోనూ అయ్యేది గాని, దూది పాటలో మాత్రం తప్పేది కాదు. పాట ఆగగానే సైరన్ జనానికి వీపు పెట్టి, విసవిసా డ్రమ్ముల దగ్గరికెళ్ళి, బావ ఎదురుగా నిలబడేది. ఆమె భుజాలు కోపంతో ఎగిసిపడటం నాకు పక్కనుంచి కనపడేది. బావ తల వంచుకుని నట్టు తిప్పుకునేవాడు. మరదలు చేత అంత మందిలో తిట్లు తింటున్నాడని జనం ఈలలు వేసేవాళ్ళు. మధ్యలో బావ సీసా తీసి నీళ్ళు కూడా అందించేవాడు. తిట్టేవాళ్ళకి దాహమేస్తుందని అంత బాగా తెలిసిన మనిషిని నేను మరొకర్ని చూడలేదు.

ఆ నట్టుకి పేరు రావడం మొదలైంది. ఒక విమర్శకుడు, ఆ విరామం శ్రమజీవి మౌనమనీ, వినోదంగా మారడానికి పాట నిరాకరించే క్షణమనీ రాశాడు. నేను చదివి వినిపిస్తే బావ శ్రద్ధగా విని, "ఆయన కూడా మెకానిక్కా?" అని అడిగాడు. ఓ కుర్ర బ్యాండు నట్టు బాగానే ఉన్నా పాట ఆపడం మొదలెట్టింది. జనం చరణం రాకముందే "నట్టు, నట్టు" అని అరిచేవాళ్ళు. టీవీ నుంచి ఒకమ్మాయి వచ్చింది.

"ఆ నిశ్శబ్దం వెనక మీ ఆలోచన ఏమిటి సర్?"

"నట్టమ్మా."

"అంటే ఆ నట్టు దేనికి సింబల్ సర్?"

"సింబల్‌కే నట్టమ్మా," అన్నాడు బావ ఓపిగ్గా. "నట్టుకి సింబల్ ఉండదు."

ఆ అమ్మాయి అది కూడా తాత్త్వికంగానే ఉందని రాసుకుని వెళ్ళిపోయింది.

ఇలాంటి పొగడ్తలకి బావ ఇంట్లో మాత్రం చెల్లుబాటు లేదు. బావ భార్యని మేమందరం అక్క అనేవాళ్ళం. వాళ్ళింటికి టీకి వెళితే వంటింటి తలుపుని ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని తీయాల్సొచ్చేది. పై బందు ఊడి ఏనాడో వేలాడిపోయింది.

"ఊళ్ళో లిఫ్టులన్నీ ఈయనే బిగిస్తాడు," అనేది అక్క, తలుపుని భుజంతో తోసుకుంటూ టీ గ్లాసులు తెచ్చి. "వేదిక మీదెక్కి మరీ బిగిస్తాడు. ఈ ఒక్క మర మాత్రం కనపడదు."

"చూస్తాలేవే."

"నేను ముసలిదాన్నయ్యాక చూడు. అప్పటికి తలుపు పడి నేను చచ్చుండకపోతే."

బావ టీ తాగి, తలుపు వైపు ఓసారి జాలిగా చూసి, మాతోపాటు సాధనకి వచ్చేసేవాడు.

సైరన్‌కి ఒక నియమం ఉండేది. ఒక సభలో నిర్వాహకుడైన పెద్దాయన ఆమె మిల్లులో పనిచేసిందని ఎవరి ద్వారానో విని, పరిచయంలో చెబుతానన్నాడు.

"మిల్లు మింగేసిన జీవితం అని మొదలుపెడతానమ్మా."

"మింగలేదండీ. ఎదురుగా నిలబడి ఉన్నాను కదా."

"అలా చెబితే జనం గుండె కరుగుతుంది."

"కరగక్కర్లేదు. గొంతు బావుంటే చప్పట్లు కొట్టమనండి, బాగోకపోతే ఇంటికెళ్ళమనండి."

వ్యానెక్కాక మాకూ చెప్పింది. "నన్ను మీ పాటకి శాంపిల్‌లా చూపించిన రోజున మానేస్తాను. నేను పాడటానికి వచ్చాను. నన్ను చూసి అయ్యో అనేవాళ్ళు మిల్లు గేటు దగ్గర కూడా బోలెడుమంది ఉండేవాళ్ళు." అని కిటికీ వైపు తిరిగింది. బావ మాత్రం ఆమె సంచీలో నీళ్ళ సీసా ఉందో లేదో చూశాడు.

ఇన్నేళ్ళ తిరుగుడు తర్వాత, ఇక చాలనిపించే వయసులో, టీవీ వాళ్ళు పిలిచారు. ఏడాదికోసారి జరిగే పెద్ద కార్యక్రమం. ఆరుబయట వేదిక, ప్రత్యక్ష ప్రసారం. ఆ కార్యక్రమం చూసుకునే ఆయన షెడ్డుకొచ్చి, ఇనప ముక్కల మధ్య రుమాలు పరుచుకుని కూర్చుని, దూది పాట కావాలన్నాడు.

"మొత్తం పాట. ఆపకుండా. ప్రత్యక్ష ప్రసారంలో నిశ్శబ్దం వెళితే నా ఉద్యోగం వెళుతుంది. మీ డ్రమ్ములాయన ఆగకుండా ఉండలేడంటే, మా మనిషిని ఇస్తాను. బాగా వాయిస్తాడు."

బావ ఆ సమయంలో ఎక్కడో రెండంతస్తుల మధ్య ఇరుక్కున్న లిఫ్టులోంచి ఎవర్నో బయటికి లాగుతున్నాడు. ఆయన లేకుండానే మేం ముగ్గురం కూర్చున్నాం. ఒప్పుకుంటే మా పాటని మొదటిసారి దేశమంతా వింటుంది, ఒప్పుకోకపోతే మళ్ళీ వ్యాను, మళ్ళీ ఉపన్యాసాల తర్వాత వంతు.

"ఒక్కరోజుకే కదా," అన్నాడు మెరుపు. "బావకి నేను చెప్తాను."

"బావ లేకపోతే నేను పాడను," అంది సైరన్.

"చుట్టరికం వేరు, పాట వేరు."

"చుట్టరికం గురించి కాదు."

"మరి దేని గురించి?"

ఆమె ఏదో చెప్పబోయి ఆపేసింది. వీళ్ళింట్లో అందరికీ మధ్యలో ఆపేసే జబ్బే ఉన్నట్టుందని నేను అనుకున్నాను. టీవీ ఆయన రుమాలు మడతపెట్టుకుని, సరే, మీ మనిషే వాయించొచ్చు, కానీ ఆగితే మాత్రం ఇక మీ ముఖం చూడనని చెప్పి వెళ్ళాడు.

బావ వచ్చాక విషయం చెప్పాం.

"కుళాయి పాట పాడదాం," అన్నాడు.

"వాళ్ళకి దూది పాటే కావాలట."

"కుళాయి పాట కూడా బావుంటుంది. పొట్టిగా ఉంటుంది."

"బావా," అన్నాడు మెరుపు, చేతులు రెండూ జోడించి, "నీకు పుణ్యముంటుంది. ఆ ఒక్క సాయంత్రం నట్టు లూజు కాకుండా చూడు."

"అది నా చేతిలో ఉందా?"

"మరెవరి చేతిలో ఉంది?"

బావ తన చేతుల వంక చూసుకుని, పానా తీసి మళ్ళీ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

కార్యక్రమం రోజు పొద్దున్నే మెరుపు నన్ను షెడ్డుకి పిలిచాడు. వ్యాన్లోకి ఎక్కించడానికి డ్రమ్ములన్నీ సర్ది ఉన్నాయి. వాడి మొహం వెలిగిపోతోంది. సింబల్ స్టాండు చూపించాడు. నట్టు చుట్టూ నీలంగా మెరుస్తున్న వెల్డింగ్ టాకాలు.

"భూకంపం వచ్చినా కదలదు," అన్నాడు. "ఇన్నేళ్ళ పీడ వదిలింది. బావకి చెప్పకు, వేదిక మీద చూసి సంతోషిస్తాడు."

నాకు నచ్చింది. ఇంత చిన్న పనికి ఇన్నాళ్ళు ఎందుకు పట్టిందా అనుకున్నాను. టాకా వేయడం తెలిసిన వెల్డరూ, నట్టుతో బాధపడే డ్రమ్మరూ ఒకే షెడ్డులో అన్నేళ్ళు కూర్చున్నారు మరి.

ఆ సాయంత్రం జనం చాలామంది వచ్చారు. వేదిక ముందు కెమెరాలు. చలిగాలి వేస్తోంది. సైరన్ శాలువా మెడ చుట్టూ చుట్టుకుని కూర్చుంది. దారంతా నిద్రపట్టలేదని అంది.

పాట మొదలైంది. మొదటి చరణం బాగా వచ్చింది. రెండోది ఇంకా బాగా వచ్చింది. మూడో చరణం దగ్గర పడుతుండగా ముందు వరసల్లో "నట్టు, నట్టు" మొదలైంది. నేను మెరుపు వైపు చూశాను. వాడు కన్నుకొట్టాడు.

అప్పుడే, అన్నేళ్ళలో మొదటిసారి, బావ చేతుల వైపు చూశాను. ఏం జరగదో చూద్దామని చూశాను గాని, జరిగేది కనపడింది. కుడిచేయి పాట వాయిస్తోంది, ఒక్క దెబ్బ కూడా తప్పకుండా. ఎడమచేయి జేబులోంచి పానా తీసి, చీకటి పక్కగా వెళ్ళి, నట్టుకి తగిలించి, వదులు చేసే వైపుకి తిప్పుతోంది.

నట్టు కదల్లేదు. బావ ఇంకాస్త బలం పెట్టాడు. మొహం ఎర్రబడింది. స్టాండు మొత్తం నట్టుతోపాటు తిరిగి, సింబల్ ఆయన చెవికి తగిలింది. కుడిచేయి వాయిస్తూనే ఉంది. బావ వంగి నట్టుని చూశాడు. టాకాలు చూశాడు. మెరుపు వైపు చూశాడు. మెరుపు గర్వంగా తలాడించాడు.

తర్వాత బావ సైరన్ వైపు చూశాడు, నేనూ అటే చూశాను. ఆమె నా వాక్యం మధ్యలో ఉంది. ఊపిరి తీసుకోకూడదని నేను రాసిన వాక్యం. గొంతు పైనే ఉంది గాని, దాని కిందనుంచి ఏదో జారిపోతున్నట్టు సన్నబడుతోంది. మైకు స్టాండుని పట్టుకున్న చేతి వేళ్ళు తెల్లబడ్డాయి.

బావ పానా వదిలేశాడు. అది చెక్కల మీద పడి మైకుల్లో గంటలా మోగింది. డ్రమ్ములు ఆగాయి, పాట ఆగింది. కెమెరాల వెనక టీవీ ఆయన రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు.

"ఒక్క నిమిషం," అన్నాడు బావ.

అని ఆగాడు. లూజు కాని నట్టుని లూజైందని ఎలా అంటాడు? జనమంతా చూస్తున్నారు. బావ నట్టు వంక ఓసారి దీనంగా చూసి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"నట్టు లూజు కావట్లేదు."

జనంలో ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగలేదు. ఈలలు, చప్పట్లు, కుర్చీల చప్పుడు. సైరన్ ఎప్పట్లాగే జనానికి వీపు పెట్టి డ్రమ్ముల దగ్గరికి నడిచింది. ఎప్పట్లాగే భుజాలు ఎగిసిపడుతున్నాయి. ఈసారి నేను కీబోర్డు వదిలి దగ్గరికి వెళ్ళాను. ఆమె ఎవర్నీ తిట్టడం లేదు. ఒక చేయి పక్కటెముకల మీద పెట్టుకుని, నోరు తెరిచి, గాలి కోసం నిలబడి ఉంది.

"తొందరలేదమ్మా," అంటున్నాడు బావ, సీసా మూత తీసిచ్చి, నేల మీద పానా వెతుకుతున్నట్టు నటిస్తూ. "నిదానంగా. వాళ్ళు ఇంకా నవ్వుతున్నారు."

వాళ్ళ నవ్వు అయిపోయేలోగా ఆమెకి ఊపిరి అందింది. చరణం మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. నేను నా వాక్యం మధ్యలో కీబోర్డు మీద అనవసరంగా నాలుగు మెట్లు ఎక్కువ వాయించాను, ఆమె అక్కడ ఊపిరి తీసుకుంది. భావం తెగలేదు. తెగినా ఎవరికీ పట్టలేదు.

వేదిక వెనక టీవీ ఆయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. తిడతాడనుకున్నాం. "ఆ జోకు అదిరింది," అన్నాడు. "ముందే చెప్పొచ్చు కదా. వచ్చే ఏడాది కూడా పెట్టండి." అని వెళ్ళిపోయాడు. మేం నలుగురం తాళ్ళ చుట్టల మీద కూర్చున్నాం.

"వెల్డింగ్ పెట్టింది నేనే," అన్నాడు మెరుపు నేల చూస్తూ.

"నువ్వా?" బావ మొహం విప్పారింది. "ఏం టాకా వేశావురా. ఎంత లాగినా రాలేదు. మా లిఫ్టుల దగ్గర కూడా అంత గట్టిగా వేసేవాళ్ళు లేరు."

"బావా, మాట మార్చకు," అన్నాను. "నట్టు ఇన్నేళ్ళూ నువ్వే లూజు చేశావా?"

"నేనే."

"మరి లూజైంది, లూజైంది అని అబద్ధం చెప్పావే."

బావకి నిజంగా కోపం వచ్చింది. "అబద్ధమెందుకు చెప్తాను? ముందు లూజు చేసి, తర్వాతే చెప్పేవాణ్ణి."

సైరన్ నీళ్ళు తాగుతూ నవ్వింది, దగ్గొచ్చింది, మళ్ళీ నవ్వింది. మిల్లు దుమ్ము ఛాతీలో ఎంతోకొంత మిగిలిపోయిందనీ, మామూలుగా ఏమీ తెలియదనీ, పొడుగు చరణాల్లో మాత్రం గాలి చాలదనీ చెప్పింది.

"మాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెబితే నువ్వు పాట రాసేవాడివి."

రాసేవాణ్ణే. బహుశా మంచి పాటే అయ్యుండేది. ఆమె దాన్ని ఒక్కసారి కూడా పాడేది కాదు.

"మొదట్లో నేనూ నిజంగా నట్టే అనుకున్నాను," అంది. "సరిగ్గా నాకు కావాల్సినప్పుడే లూజవుతోంది, నా అదృష్టం అనుకునేదాన్ని. ఒకరోజు అక్క ఆ వంటింటి తలుపు గురించి మొత్తుకుంటోంది. అప్పుడు అనుమానమొచ్చింది. నట్టు లూజైతే పాట ఆపేసేంత పట్టింపున్న మనిషి ఇంట్లో ఆ తలుపుని ఎలా భరిస్తున్నాడా అని."

"మరి బావని అడగలేదా?"

"అడిగితే సిగ్గుపడి మానేస్తాడు."

బావ అప్పటికే సిగ్గుపడి, స్టాండు తుడవడానికి వెళ్ళిపోయాడు.

మర్నాడు షెడ్డులో మెరుపు గ్రైండరుతో ఆ టాకాలు కోశాడు. పాత నట్టు పాడైంది. కొత్తది తెచ్చాడు, స్టాండు మర కంటే ఒక సైజు పెద్దది. "ఇది జన్మలో బిగుసుకోదు బావా. నువ్వు కష్టపడక్కర్లేదు," అన్నాడు. బావ దాన్ని ఎగాదిగా చూసి, పని తెలిసినవాడు ఇలాంటి నట్టు పెట్టడని గొణిగాడు గాని, పెట్టుకున్నాడు.

ఇది రాస్తానన్నప్పుడు సైరన్ ఒక షరతు మీద ఒప్పుకుంది. "నా ఊపిరి గురించి ఎంత రాస్తావో, నట్టు గురించి అంతకు పదింతలు రాయాలి." లెక్క సరిగ్గానే ఉందనుకుంటాను.

ఆ తర్వాతి సభ ఓ బడి మైదానంలో జరిగింది. మళ్ళీ అదే వ్యాను, అవే ఉపన్యాసాలు, మళ్ళీ చివరి వంతు. కుళాయి పాటలో ఆమె గొంతు కాస్త బరువెక్కగానే మెరుపు చేయెత్తాడు. "ఒక్క నిమిషం. తీగ తెగింది." తీగలన్నీ నిక్షేపంగా ఉన్నాయి. దూది పాట రెండో చరణంలో నేను ఆపాను. "ఒక్క నిమిషం. ప్లగ్గు ఊడింది." ఊడలేదు, నేనే కాలితో లాగాను. బావ పద్ధతి నాకు బాగా నచ్చింది. మూడో చరణానికి వ్యాను డ్రైవరు మెట్ల దగ్గర్నుంచి, "ఒక్క నిమిషం, వ్యాను ఎవరిదో అడ్డంగా ఉందట," అని అరిచాడు. వాడికెవరు చెప్పారో నాకు తెలియదు. సైరన్ ప్రతిసారీ తీరిగ్గా నీళ్ళు తాగి, శాలువా సర్దుకుని, మళ్ళీ మొదలుపెట్టింది.

బావ కర్రలు ఒళ్ళో పెట్టుకుని చేతులు కట్టుకున్నాడు. పానా జేబులోంచి తీసే అవసరమే రాలేదు.

"ఏమయ్యా," అన్నాడు దిగాక, "మాటిమాటికీ ఇలా ఆపితే పాటెలా సాగుతుంది? బ్యాండన్నాక కాస్త క్రమశిక్షణ ఉండాలి."

రెండ్రోజుల తర్వాత అక్క నాకు ఫోను చేసింది. గొంతులో కంగారు.

"సగం డాక్టరూ, మీ బావకి ఒంట్లో బాగాలేదా? పొద్దున్నే లేచి వంటింటి తలుపు బిగించాడు."